బంగాళాఖాతానికి వేసవి సెలవులు

పిల్లలూ,

ఎండాకాలంలో మీకే కాదు, సముద్రానికీ సెలవులుంటాయి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు వేటకు వెళ్లకూడదు. ఆ రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కనిపిస్తాయి. కొన్నింటిని పైకి లాగి, అడుగున పట్టిన గుల్లలు గీకి రంగులేస్తుంటారు. చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం అది. గుడ్లతో ఉన్న చేపను పట్టేస్తే వచ్చే ఏడాది వలలో ఏం పడుతుంది?

అయితే ఈ సముద్రం మన ఒక్కళ్లదే కాదు కదా. బంగ్లాదేశ్ కూడా వేట ఆపేది, కానీ మే 20 నుంచి జూలై 23 దాకా. అక్కడొచ్చింది తిరకాసు. జూన్ మధ్యలో మన బోట్లు బయల్దేరేసరికి వాళ్లవి ఇంకా ఒడ్డునే కట్టేసి ఉండేవి. తాము పస్తులుండి కాపాడిన చేపల్ని ఇండియా బోట్లొచ్చి పట్టుకుపోతున్నాయని అక్కడి జాలర్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. చివరికి 2025లో బంగ్లాదేశ్ తన నిషేధాన్ని ఏప్రిల్ 15 నుంచి జూన్ 11 వరకు మార్చుకుంది. తేదీలు మార్చడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో అదే పెద్ద పని.

అంతకుముందు సరిహద్దు తగాదా కూడా ఉండేది. అది 2014లో అంతర్జాతీయ ట్రైబ్యునల్ తీర్పుతో తేలింది. తగాదాలో ఉన్న సముద్రంలో ఎక్కువ భాగం, 19 వేల చదరపు కిలోమీటర్లకు పైగా, బంగ్లాదేశ్‌కి వెళ్లింది. మనది పెద్ద దేశమైనా మారుమాట్లాడకుండా ఒప్పుకుంది. చేపల సంగతులు కలిసి మాట్లాడుకోవడానికి చెన్నైలో ఒక సంస్థ కూడా ఉంది. ఇండియా, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు అందులో సభ్యులు.

అన్నిచోట్లా ఇంత సాఫీగా లేదు. తమిళనాడుకీ శ్రీలంకకీ మధ్యనున్న పాక్ జలసంధిలో గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. తమిళనాడు ట్రాలర్లు బరువైన వలని సముద్రం అడుగున ఈడ్చుకుంటూ పోతాయి. చేపపిల్లలూ, అడుగునున్న గడ్డీ అన్నీ ఊడ్చుకుపోతాయి. శ్రీలంక 2017లో ఈ పద్ధతిని నిషేధించింది. అయినా మనవైపు బోట్లు వెళ్తూనే ఉన్నాయి, అరెస్టులు అవుతూనే ఉన్నాయి. నష్టపోయే అవతలి జాలర్లూ తమిళులే. ట్రాలర్లు వదిలి లోతు సముద్రంలో ట్యూనా వేటకు మారమని మన ప్రభుత్వం అదే ఏడాది పథకం పెట్టింది. మారినవాళ్లు తక్కువే. కొత్త బోటు అప్పు మెడకు చుట్టుకుంటుందేమోనన్న టెన్షన్ వాళ్లకుండదా మరి?

ప్రేమతో,
మీ తాతయ్య