పెద్దలకు పాత పాటలు: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న వృద్ధాశ్రమాల్లో, రిటైరైనవారి కోసం కట్టిన కాలనీల్లో పెద్దల చేత పాత పాటలు పాడించడం నా వృత్తి. కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా నిర్వాహకులు, పిల్లలు, ఒక్కోసారి ఆ పెద్దలే కొన్ని మాటలు తప్పకుండా అంటారు. చాలావరకు మంచి మనసుతో అనేవే. కార్యక్రమాన్ని చప్పగా మార్చేవీ అవే.

అపోహ: ఈ వయసులో భక్తి పాటలే కావాలి

అన్నిటికన్నా మొండి అపోహ ఇది. తెల్లవారగానే సుప్రభాతం, ఆ తర్వాత సహస్రనామం, సాయంత్రం భజన. చాలాచోట్ల సంగీతం పేరుతో జరిగేది ఇంతే. భక్తి పాటలను ప్రాణంగా చూసుకునేవారు ప్రతి బృందంలోనూ ఉంటారు, వారికి అవి ఉండాల్సిందే. కానీ కాలేజీ ఎగ్గొట్టి మ్యాట్నీకి వెళ్లినవారు, క్లబ్బు పాటలకు పేరుపడ్డ ఎల్.ఆర్. ఈశ్వరి పాట వస్తే నలుగురిలో మొహం తిప్పుకుని చాటున కూనిరాగం తీసినవారు కూడా ఈ పెద్దలే. అరవై దాటగానే ఆ రుచులన్నీ చెరిగిపోయాయని మనమే తీర్మానించేస్తాం.

అందుకే కావలసిన పాటను చీటీ మీద రాసి డబ్బాలో వేయమంటాను. పేరు రాయనక్కర్లేదు. నోటితో అడిగితే అన్నమయ్య కీర్తన కోరే బృందమే చీటీల్లో యుగళగీతాలు, క్లబ్బు పాటలు కోరుతుంది. భర్త పోయినావిడ ప్రేమపాట అడిగితే పక్కవారు ఏమనుకుంటారోనన్న జంకు మన సమాజం పెట్టింది. ఆ జంకు వదిలించే పని చీటీ చూసుకుంటుంది.

ఇంకో తమాషా ఉంది. ఘంటసాల పాడిన ‘నమో వేంకటేశా’ను ఒకప్పుడు మన ఊళ్లలో చాలా సినిమా హాళ్లు ఆట మొదలయ్యే ముందు వేసేవి. ప్రార్థనలా ఉంటుందని నిర్వాహకులు దానితో ప్రారంభించమంటారు. అది మొదలవగానే ముందు వరుసలో వచ్చే కబుర్లు గుడి గురించి కావు, నేల టికెట్టు గురించి, ఇంటర్వెల్ సోడా గురించి!

అపోహ: పాత పాటలంటే ఘంటసాల కాలం పాటలు

ఎవరికి పాతవి? మనిషికి సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి మిగతా జీవితం కంటే ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. పాటల సంగతీ అంతే. పుట్టిన సంవత్సరానికి 15 కలిపి, అక్కడి నుంచి పదేళ్ల పాటలతో మొదలుపెట్టడం నా పద్ధతి. 1938లో పుట్టినావిడకు అది 1953 నుంచి 1963: ఘంటసాల, లీల, జిక్కి, ఎ.ఎం. రాజా. 1957లో పుట్టినాయనకు 1972 నుంచి 1982. ఘంటసాల 1974లోనే కన్నుమూశారు. ఈయన యౌవనమంతా బాలసుబ్రహ్మణ్యం గొంతు, చక్రవర్తి, రమేశ్ నాయుడు బాణీలు, 1980లో వచ్చిన ‘శంకరాభరణం’. ఇద్దరూ ఒకే హాల్లో పక్కపక్కనే కూర్చుంటారు. మనం వేసే ‘పాత పాట’ ఒకరికి తన కాలానిది, రెండోవారికి అమ్మానాన్నల కాలానిది.

సంవత్సరం ఒక్కటే తెలిస్తే సరిపోదు, పెరిగిన ఊరు కూడా తెలియాలి. పాతబస్తీలో పెరిగినవారిలో చాలామందికి తెలుగు సినిమా కంటే ముందు రఫీ, తలత్, గజళ్లు, ఖవ్వాలీలు. కరీంనగర్ పల్లె నుంచి వచ్చినావిడకు బతుకమ్మ పాటలో తెలియని చరణం ఉండదు. క్రైస్తవ కుటుంబాల వారికి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కంఠతా వచ్చు. ఉద్యమాల ఇళ్లలో పెరిగినవారు ప్రజానాట్యమండలి బుర్రకథలు అడుగుతారు. ఇక గుంటూరు, కృష్ణా జిల్లాల పెద్దమనుషులు కొందరు సినిమా పాటలు వస్తున్నంతసేపూ చేతులు కట్టుకుని గోడవైపు చూస్తుంటారు. తిరుపతి వేంకట కవుల నాటక పద్యం ‘బావా! ఎప్పుడు వచ్చితీవు’ అందుకోండి, రెండో పాదానికల్లా వారే లాక్కుని పాడతారు, చివర ఊపిరి ఉన్నంతవరకు రాగం తీస్తారు. వెనక నుంచి ఎవరో ఒకరు ‘వన్స్ మోర్’ అనకుండా ఉండరు.

ఎవరికీ తగువు లేనిది రేడియో. వాల్టర్ కౌఫ్‌మన్ 1930ల్లో కట్టిన ఆకాశవాణి సంకేత సంగీతంతో నేను కార్యక్రమం మొదలుపెడతాను. అందులో మాటలు లేవు, మతం లేదు, సినిమా లేదు. దాని వెంటే విజయవాడ కేంద్రం భక్తిరంజని, లలిత సంగీతం, ఇంట్లో రేడియో లేక పంచాయతీ ఆఫీసు దగ్గర నిలబడి విన్న రోజులు అన్నీ బయటికొస్తాయి.

అపోహ: వినబడకపోతే సౌండు పెంచితే చాలు

పెంచితే సగం మంది చెవులు మూసుకుంటారు. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా దెబ్బతినేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు వినే శక్తి. ‘స’, ‘త’, ‘ఫ’ లాంటి హల్లుల స్పష్టత పోతుంది. పాట వినబడుతుంది, సాహిత్యం అందదు. పైగా చాలామందికి మెల్లని శబ్దం అసలు వినబడదు, కొంచెం పెంచగానే భరించలేనంత అవుతుంది. ఈ రెంటి మధ్య మిగిలిన ఇరుకు జాగాలోనే మనం పని చేయాలి. నున్నటి టైల్స్, గాజు గోడలు, ఎత్తైన కప్పు ఉన్న హాలు చూడటానికి బాగుంటుంది, పాటకు మాత్రం శత్రువు. కర్టెన్లు, తివాచీ ఉన్న చిన్న గది అడుగుతాను. స్పీకరు ఎదురుగా, కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండాలి. వాద్యాలు తక్కువగా ఉండాలి. ఫ్యాన్లు నెమ్మదిగా తిరగాలి. పాట పెద్ద అక్షరాల్లో అచ్చు వేసిన కాగితం ప్రతి చేతిలో ఉండాలి. వినికిడి యంత్రాలను మామూలుగా మాటల కోసం సరిచేసి ఇస్తారు, సంగీతానికి వేరే అమరిక ఉందేమో వినికిడి నిపుణులను (ఆడియాలజిస్టును) అడగమని పిల్లలకు చెబుతాను.

‘నా గొంతు పోయిందమ్మా’ అనేవారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నెలసరి ఆగిపోయాక ఆడవారి గొంతు స్థాయి కిందికి దిగుతుంది. ఒకప్పుడు ఐదున్నర శ్రుతిలో పాడినావిడకు ఇప్పుడు నాలుగు హాయిగా ఉండవచ్చు. సుశీల పాటకు గొంతు లేకుండా వాద్యాలతో దొరికే ట్రాకు మాత్రం అసలు శ్రుతిలోనే ఉంటుంది. అనుపల్లవికే గొంతు చీలుతుంది, ఆవిడ సిగ్గుపడి ఊరుకుంటుంది, మళ్లీ పాడదు. శ్రుతి దించే సౌకర్యం ఉచితంగా దొరికే ఫోను యాప్‌లలో కూడా ఉంది. దాన్ని వాడని గాయకులను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

అపోహ: మంచి ఆర్కెస్ట్రాను పిలిస్తే అదే పెద్ద కార్యక్రమం

అక్టోబర్ 1న వృద్ధుల దినోత్సవానికి ఆర్కెస్ట్రా, శాలువాలు, ఫొటోలు. వద్దనను. కానీ ఆ డబ్బుతో చాలా వారాలు హార్మోనియంతో నలభై నిమిషాల పాటల కూడిక నడపవచ్చు, అందులో పాడేది నివాసులే. ఆస్ట్రేలియా వృద్ధ సంరక్షణ కేంద్రాల్లో డిమెన్షియాతో (మతిమరుపు జబ్బుతో) పాటు దిగులు (డిప్రెషన్) లక్షణాలు కూడా ఉన్నవారి మీద జరిగి 2022లో అచ్చైన అధ్యయనంలో, సరదాగా అందరూ కలిసి పాడటం వల్ల ఆ లక్షణాలు తగ్గాయి. ఎప్పుడు అంటే, ఉదయం టిఫిన్ అయ్యాక. చీకటి పడే వేళ వద్దు, డిమెన్షియా ఉన్న చాలామందికి కలవరం అప్పుడే పెరుగుతుంది.

అపోహ: అన్నీ మరిచిపోయినవారికి పాటలెందుకు? దాని కవల: పాటలతో మతిమరుపు నయమవుతుంది

మొదటిది అన్యాయం, రెండోది వ్యాపారం. ఎప్పటినుంచో తెలిసిన పాటలను దాచుకునే మెదడు భాగాలు అల్జీమర్స్‌లో మిగతా భాగాలతో పోలిస్తే ఆలస్యంగా దెబ్బతింటాయని 2015లో ‘బ్రెయిన్’ పత్రికలో వచ్చిన పరిశోధన సూచించింది. కూతురి పేరు అందని మనిషి చరణం మొత్తం పాడటం ఇలాంటి బృందాల్లో అరుదైన విషయం కాదు. అలాగని పాట ఆగాక పేరు తిరిగొస్తుందని ఆశపెట్టకూడదు. డిమెన్షియాలో సంగీతంపై వచ్చిన ప్రయోగాలను కలిపి చూసిన 2018 కాక్రేన్ సమీక్ష, దిగులు తగ్గవచ్చని, జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి మీద మాత్రం ప్రభావం పెద్దగా కనబడలేదని చెప్పింది. దిగులు తగ్గడం నాకు చాలు. పక్షవాతంతో మాట పడిపోయినవారు పాడగలగడం కూడా నిజమే. దాన్ని మాటగా మలిచే చికిత్సా పద్ధతి 1970ల నుంచి ఉంది. అది స్పీచ్ థెరపిస్టు పని, నేను చేయను.

అపోహ: ఎవరైనా కన్నీళ్లు పెట్టుకుంటే పాట ఆపేయాలి

ఆపితే వారికి ఇంకా చిన్నతనంగా ఉంటుంది. పక్కన ఒకరు కూర్చుంటే చాలు. ముందుగా అడిగి తెలుసుకోవాల్సింది వేరే ఉంది: ఏ పాట వేయకూడదు? కొన్ని ఇళ్లలో ఒక పాటతో ఒక చావు ముడిపడి ఉంటుంది. ఆ పాటను జాబితాలోంచి కొట్టేస్తాను, కారణం అడగను.

అపోహ: రోజంతా పెట్టి ఉంచితే ఇంకా మంచిది

కాదు. భక్తి చానల్ పొద్దున్నుంచి రాత్రి దాకా మోగుతున్న హాల్లో ఎవరూ ఏదీ వినరు. ఆపమనే శక్తి లేనివారికి అది శిక్ష.

అపోహ: పాత పాటలకు హక్కులుండవు

భారత చట్టంలో రికార్డుకు హక్కు అచ్చైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. రచనకు, బాణీకి మాత్రం సృష్టికర్త మరణించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. రికార్డు గడువు తీరినా పాట గడువు తీరకపోవచ్చు. నివాస సముదాయంలో ముఖ్యంగా అక్కడివారి కోసమే ఉన్న హాల్లో రికార్డు వినిపించడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, హోటళ్లకు, అలాంటి వాణిజ్య సంస్థలకు ఇవ్వదు. మీ సంస్థ ఏ కోవలోకి వస్తుందో న్యాయవాదిని అడగండి. టికెట్టు పెట్టినా, వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టినా లెక్క మారిపోతుంది. వీడియో విషయంలో చట్టం సంగతి అలా ఉంచితే, సరే అని తెలిసి చెప్పలేని స్థితిలో ఉన్నవారు పాడుతుంటే నా కార్యక్రమంలో ఫోన్లు జేబుల్లోనే ఉండాలి, అడిగినవారు కన్నకొడుకైనా సరే.