మీ పోస్టు తీసిందెవరు? తెలుగు క్యూ నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

గచ్చిబౌలిలో ఒక కంపెనీలో ఆరేళ్లు కంటెంట్ మోడరేటర్‌గా పనిచేశాను. సోషల్ మీడియాలో జనం రిపోర్ట్ కొట్టిన తెలుగు పోస్టులు, ఏఐ అనుమానించినవి మా క్యూలోకి వచ్చేవి. ఉంచాలా, తీయాలా అన్నది మేం తేల్చాలి. ఏం పనో బయట చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు కాబట్టి పెళ్లిచూపుల్లో కూడా ‘సాఫ్ట్‌వేర్’ అనే చెప్పాను. మానేశాక ఎక్కడికెళ్లినా వినబడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: నా పోస్టు తీసేయడం రాజ్యాంగ విరుద్ధం.

భావప్రకటన స్వేచ్ఛనిచ్చే 19(1)(ఎ) అధికరణం మనల్ని ప్రధానంగా కాపాడేది ప్రభుత్వం నుంచి. కంపెనీకి దాని షరతులు దానికుంటాయి, అకౌంట్ తెరిచినప్పుడు చదవకుండా ఒప్పుకున్నది మనమే. అయితే ఇక్కడితో కథ అయిపోలేదు. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు, 19, 21 (జీవించే హక్కు) అధికరణాల హక్కులను ప్రభుత్వేతరుల మీద కూడా అమలు చేయించుకోవచ్చని చెప్పింది.

2019లో సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విటర్ ఖాతా ఆగిపోయింది. కారణం ఆయన పెట్టుకున్న ఒక పాత ఫొటో. 1936లో హాంబర్గ్ ఓడల కార్ఖానాలో అందరూ నాజీ సెల్యూట్ కొడుతుంటే ఒక్కడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అదీ ఆ ఫొటో. హిట్లర్‌ని ధిక్కరించిన బొమ్మ ద్వేషం పద్దులో పడింది! ఆయన లాయరు కాబట్టి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. మీరూ నేనూ అయితే ఇంకో అకౌంట్ తెరుచుకుంటాం.

అపోహ: తీసేది ఏఐ, దానికి నీ, నా అనే తేడా ఉండదు.

ఒక సోమవారం పొద్దున క్యూ తెరిస్తే, ముందురోజు క్రికెట్ మ్యాచ్ తాలూకు కామెంట్లే. ‘చంపేశాడ్రా బాబూ’, ‘బౌలర్లని నరికేశాడు’, ‘ఊచకోత’. అన్నీ హింస కింద ఫ్లాగై వచ్చాయి. నవ్వుకుంటూ ఉంచేశాం.

అదే వారం ఒకబ్బాయి, తన ఊళ్లో తనని కులం పేరుతో ఏమని తిట్టారో ఆ మాట ఉన్నదున్నట్టు రాసి బాధ చెప్పుకున్నాడు. ఆ మాట నిషేధిత జాబితాలో ఉంది, పోస్టు పోయింది. దాని కింద ‘రిజర్వేషన్ బ్యాచ్‌కి ఏడుపులెక్కువ’ అని వెక్కిరించిన కామెంటు మాత్రం, అందులో తిట్టు లేదు కాబట్టి, ఉల్లంఘన కాదన్నారు. నిజానికి తనకి జరిగిన అవమానం చెప్పుకోవడానికి ఆ మాట వాడితే ఉంచొచ్చని పాలసీలో మినహాయింపు ఉంది. ఒక్కో పోస్టుకి మాకు దొరికేది నిమిషంలోపే. ఆ హడావుడిలో మినహాయింపు మర్చిపోయి తీసేసింది ఏఐ కాదు, నేనే. వారం తర్వాత క్వాలిటీ ఆడిట్‌లో బయటపడింది. నా స్కోరు కాస్త తగ్గింది, పోస్టు తిరిగొచ్చింది. అప్పటికి దాన్ని చదివే నాథుడు లేడు.

భాష తెలియకపోతే ఇంకా ఘోరం. మయన్మార్‌లో ‘కలార్’ అన్న తిట్టును ఫేస్‌బుక్ ఆపబోతే, శనగల పేరులో కూడా అదే మాట ఉండటంతో ఏ పాపం ఎరగని పోస్టులూ పోయాయి. అక్కడి రోహింగ్యా ముస్లింల మీద విషం మాత్రం పారుతూనే ఉంది. తాము చేయాల్సినంత చేయలేదని 2018లో కంపెనీయే ఒప్పుకుంది.

అపోహ: వెయ్యిమంది రిపోర్ట్ కొడితే పోస్టు పోతుంది.

మా దగ్గర ఒక్క రిపోర్టుకైనా వెయ్యికైనా పాలసీ ఒకటే. కాకపోతే వెయ్యి వస్తే అదే పోస్టు పదిమంది ముందుకు వచ్చేది, అందులో ఒక్కడు పొరబడితే చాలు. ఫ్యాన్స్ గ్రూపులకి ఈ లెక్క బాగా తెలుసు.

అపోహ: కంపెనీల చేతిలోంచి తీసి ప్రభుత్వానికి అప్పగిస్తే సరి.

2012లో పాల్ఘర్‌లో ఏమైందో గుర్తుందా? బాల్ ఠాక్రే మరణం తర్వాత ముంబై బంద్‌ని ప్రశ్నిస్తూ ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, స్నేహితురాలు లైక్ కొట్టింది. ఇద్దర్నీ అరెస్టు చేశారు. ఆ అరెస్టుకు వాడిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2015 మార్చి 24న. ఆన్‌లైన్‌లో ఉన్నదాన్ని బ్లాక్ చేయించే అధికారం కేంద్రానికిచ్చే 69ఎ మాత్రం అలాగే ఉంది. దాని కింద వచ్చే బ్లాకింగ్ ఆదేశాలు గోప్యం, చాలాసార్లు రాసినవాడికి కారణం కూడా అందదు. 2021 ఫిబ్రవరిలో రైతుల ఆందోళన వేళ కిసాన్ ఏక్తా మోర్చా, కారవాన్ పత్రిక ట్విటర్ ఖాతాలు మన దేశంలో కనబడకుండా పోయింది కేంద్రం అడిగాకే. కంపెనీ మీద కోపంతో దీన్ని కోరుకునేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

అపోహ: ఎవరూ ఏదీ తీయకపోవడమే స్వేచ్ఛ.

లోన్ యాప్ వాళ్లు మార్ఫ్ చేసి పంచిన ఆడపిల్లల ఫొటోలు నేను రోజూ చూశాను. కంపెనీకి తీసే అధికారం ఉండాల్సిందే. కారణం చెప్పకుండా తీసే అధికారం మాత్రం ఉండకూడదు.

అపోహ: అప్పీల్ దండగ.

మా ఫ్లోర్‌లో అప్పీల్ వేరే మనిషికి వెళ్లేది, మొదటివాడి తప్పులు చాలావరకు అక్కడే దొరికేవి. అక్కడా కాకపోతే ఫిర్యాదులు చూసే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. ఆ జవాబూ నచ్చకపోతే 2023 జనవరిలో ఏర్పాటైన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీలకి 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. వాటిని వేసింది ప్రభుత్వమే అన్న అభ్యంతరం నాకూ ఉంది, అయినా ఉన్న దారి అది. ఏం రాశారో, ఏ తేదీన పోయిందో స్క్రీన్‌షాట్లు దగ్గరుంచుకోండి. పోస్టు పోయాక లింకు మీకు కూడా తెరుచుకోకపోవచ్చు.