పెన్నులో పడిన గది

కొత్తగా కొన్న నల్లటి ఇంకు పెన్నును తెల్ల కాగితం మీద పెట్టి, గదిలో దీపం వేసి, ఫోనుతో ఫొటో తీశాను. చేతిలో నిగనిగలాడిన పెన్ను ఫొటోలో బొగ్గుముక్కలా ఉంది. పెద్దది చేసి చూస్తే ఒంటి పొడవునా వెంట్రుకంత తెల్ల గీత, దాని పక్కన నారింజ రంగు మరక. గీత గది దీపం, మరక నా చొక్కా. క్యాపు మీది బంగారు రింగులో ఫోనూ, దాన్ని పట్టుకున్న నా వేళ్ళూ ఉన్నాయి. ఫొటోలోని పెన్నులో సగానికి పైగా నా గదే ఉంది.

కాగితం, బట్ట, మెరుగు పెట్టని చెక్క తమ మీద పడ్డ వెలుగును అన్ని దిక్కులకూ చిమ్ముతాయి. బడిలో దీన్నే క్రమరహిత పరావర్తనం అని చదువుకున్నాం. అలాంటి వస్తువు మీద ఎటునుంచి వెలుగు వేసినా దాని రంగు తెలుస్తుంది. నునుపైన లోహం, పాలిష్ చేసిన పెన్ను, వాచీ అద్దం అలా కావు. ఏ కోణంలో వచ్చిన వెలుగును ఆ కోణంలోనే అవతలికి పంపుతాయి. ఆ దారిలో దీపం ఉంటే అక్కడ తెల్లగా, చీకటి మూల ఉంటే నల్లగా కనబడతాయి. అందుకే మెరిసే వస్తువు మీద ఎంత వెలుగు పడుతోందని కాదు, దానిలో ఏం కనబడుతోందని చూసుకోవాలి. ఇది చేతికి అబ్బితే ఒక కిటికీ, ఒక బల్ల దీపం, నాలుగు అట్టముక్కలు చాలు.

పెన్ను గుండ్రంగా ఉండటంతో చిక్కు పెరుగుతుంది. చదునైన అద్దంలో గదిలో ఒక వైపే కనబడుతుంది. పెన్ను ఉపరితలం మాత్రం మనకు కనిపించే సగంలోనే ఈ అంచు నుంచి ఆ అంచుకు 180 డిగ్రీలు తిరుగుతుంది. అద్దం ఎంత తిరిగితే దాని మీద పడి మళ్ళిన కిరణం అంతకు రెండింతలు తిరుగుతుంది. కాబట్టి చుట్టూ ఉన్న 360 డిగ్రీల గది మొత్తం ఆ కాస్త వెడల్పులో ఇరుక్కుంటుంది. నడిమధ్యన కెమెరా, అంచుల దగ్గర పెన్ను వెనకున్న గోడ.

12 మి.మీ. మందమున్న పెన్నుకు లెక్క వేసి చూద్దాం. దీపం కెమెరా చూపుకు సరిగ్గా పక్కన, 90 డిగ్రీల్లో ఉంటే దాని మెరుపు పెన్ను మధ్యగీతకు సుమారు 4.2 మి.మీ. దూరంలో పడుతుంది. 6 సెం.మీ. బల్బును 70 సెం.మీ. దూరంలో పెడితే ఆ మెరుపు వెడల్పు 0.2 మి.మీ. మాత్రమే. అదే దిక్కున, మీటరు దూరంలో, మీటరుకు కాస్త పైన వెడల్పున్న కిటికీ ఉంటే మెరుపు దాదాపు 2.2 మి.మీ. పట్టీ అవుతుంది. బల్బు వాటేజీ ఎంత పెంచినా ఆ సన్నగీత ఇంకా తెల్లబడుతుందే గాని ఒక్క పిసరు కూడా వెడల్పు కాదు. ఎండదీ ఇదే కథ. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మన ఆకాశంలో ఆక్రమించేది అర డిగ్రీయే. ఫొటో లెక్కలో ఎర్రటి ఎండ అంటే చాలా ప్రకాశమున్న చాలా చిన్న దీపం.

మరి చేతిలో అంత అందంగా ఎలా కనబడింది? చేతిలో ఉన్నప్పుడు పెన్నును తిప్పుతూ ఉంటాం. ఆ సన్నగీత ఒంటి మీద జారుతూ పోతుంటే, ఆ కదలికను బట్టి మెదడు నునుపునూ గుండ్రదనాన్నీ పోల్చుకుంటుంది. ఫొటోలో కదలిక లేదు. అది చెప్పాల్సిన మాటంతా మెరుపు వెడల్పూ, దాని అంచుల మెత్తదనమూ చెప్పాలి.

వంపు తిరిగిన అద్దంలో దీపం మెరుపు ఎక్కడ పడుతుందన్న ప్రశ్న చాలా పాతది. ప్రాచీన గ్రీకు పండితుడు టాలెమీ కాలం నుంచీ ఉన్న ఈ సమస్యను 11వ శతాబ్దంలో అరబ్బు శాస్త్రవేత్త ఇబ్న్ అల్-హైథం గోళం, స్తూపం (గుండ్రటి గొట్టం), శంకువు ఆకారపు అద్దాలన్నిటికీ జ్యామితితో సాధించాడు. ఇప్పటికీ అది ఆయన పేరుతోనే ఉంది. బల్ల ముందు కూర్చుని తెల్ల అట్టను ఇటో అంగుళం అటో అంగుళం జరుపుతూ పెన్ను మీద మెరుపును వెతుకుతున్నప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు. ఆయన గీతలు గీసి కనుక్కున్న బిందువునే మనం చేత్తో తడుముకుంటున్నాం.

చిన్న దీపాన్ని పెద్దది చేయడానికి ట్రేసింగ్ పేపరు చాలు. దీపానికీ పెన్నుకూ మధ్య కాగితాన్ని నిలబెడితే, ఇక పెన్నుకు కనిపించే దీపం ఆ కాగితమే. కాగితం పొడవు పెన్ను పొడవు వెంట ఉండాలి. లేకపోతే మెరుపు సగంలో తెగిపోతుంది. దీపాన్ని కాగితానికి ఆనించి పెడితే నడుమ తెల్లటి మచ్చ పడి చుట్టూ చప్పున చీకటవుతుంది. బాగా వెనక్కి జరిపితే కాగితమంతా ఒకే తెలుపు. నాకు ఈ రెంటికీ నడుమ నచ్చుతుంది. కాగితం ఒక అంచున ధగధగలాడుతూ, రెండో అంచుకు వచ్చేసరికి నెమ్మదిగా బూడిద రంగులోకి దిగాలి. ఆ దిగుడే పెన్ను మీదికి చేరి గుండ్రదనమవుతుంది. చుట్టూ తెల్లదనమే నిండిన లైట్ బాక్సులో తీసిన వెండి పెన్ను ప్లాస్టిక్ గొట్టంలా వెలవెలబోయేది ఈ దిగుడు లేకనే.

నల్ల అట్ట కూడా కావాలి, తెల్ల కాగితమంత అవసరంగా కావాలి. లోహాన్ని లోహంగా చూపేది తెలుపు పక్కనే ఉన్న నలుపు. తెల్లటి నేల మీద వెండి క్యాపు అంచులు కరిగిపోతుంటే, ఫ్రేములోకి రాకుండా రెండు పక్కలా సన్నటి నల్ల అట్టలు నిలబెట్టండి. అంచుల్లో రెండు నల్ల గీతలు మొలుస్తాయి, ఆకారం తేరుకుంటుంది. మీరు నల్ల చొక్కా వేసుకుంటే ఇంకా మంచిది.

వాచీ దగ్గరికి వస్తే మొదటి శత్రువు దాని అద్దం. చదునైన అద్దానికి మాత్రం తేలికైన ఉపాయం ఉంది. వాచీ ఉండే చోట అదే వాలులో చిన్న ముఖం అద్దం పెట్టి కెమెరా లోంచి చూడండి. అందులో కనబడేదే వాచీ అద్దంలోనూ కనబడుతుంది. కిటికీ కనబడితే కిటికీ ఉన్న ఆ మేరకు నల్ల అట్ట అడ్డం పెట్టాలి. డయల్‌కు వెలుగు వేరే దిక్కు నుంచి రావాలి.

ఈ శ్రమ ఎందుకంటే, మామూలు గాజు ఒక్కో ముఖం మీద పడ్డ వెలుగులో 4 శాతం వెనక్కి పంపుతుంది. ఖరీదైన వాచీల్లో వాడే సఫైర్ స్ఫటికపు అద్దానికి వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే శక్తి, 1.77, అందుకని అది ఒక్కో ముఖం నుంచి 7.7 శాతం పంపుతుంది. రెండు ముఖాలూ కలిస్తే 14 శాతం పైనే. నల్లటి డయల్ తిరిగి ఇచ్చేదే కొద్ది శాతం. దాని మీద కిటికీలో 14 శాతం పరుచుకుంటే అంకెలు ఎక్కడ కనబడతాయి? కొన్ని అద్దాలకు వెలుగు తరంగంలో నాలుగో వంతు మందాన పూత పూస్తారు. పూత పైనుంచి, కిందినుంచి మళ్ళిన తరంగాలు ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. ఇది ఒకే రంగుకు సరిగ్గా కుదురుతుంది గనుక అలాంటి అద్దం పక్కచూపులో నీలంగానో ఊదాగానో మెరుస్తుంది.

కెమెరాకు పోలరైజర్ అనే ఫిల్టరు తగిలిస్తే మెరుపంతా పోతుందని చెబుతుంటారు. 1815లో స్కాట్లండ్ శాస్త్రవేత్త బ్రూస్టర్ తేల్చిన కోణం గాజుకు 56 డిగ్రీలు, సఫైర్‌కు 60. అంత వాలుగా చూసినప్పుడే అద్దం మీది మెరుపు పూర్తిగా ధ్రువణం చెందుతుంది, అంటే దాని తరంగాలన్నీ ఒకే దిక్కున ఊగుతాయి, అప్పుడే ఫిల్టరుకు లొంగుతుంది. డయల్‌ను ఎదురుగా తీసేటప్పుడు దానివల్ల లాభం లేదు, లోహపు మెరుపు మీద అసలే పని చేయదు. నా మాట వింటే ఆ ఫిల్టరు బదులు రెండు నల్ల అట్టలు కొనుక్కోండి.

నడిమి నుంచి అంచుకు సన్నటి గీరలున్న డయళ్ళంటే నాకు మహా ఇష్టం. ఒక్కో గీర ఒక్కో బుల్లి స్తూపం. అది తనకు అడ్డదిక్కునే వెలుగును విసనకర్రలా విసురుతుంది. అందుకే పైనుంచి చూస్తూ 3 అంకె వైపు నుంచి వెలుగు వేస్తే, మెరుపు రెక్కలు 12 దగ్గరా 6 దగ్గరా విచ్చుకుంటాయి. దీపాన్ని 12 వైపుకు తెస్తే రెక్కలు 3కీ 9కీ వెళ్తాయి. దీపాలు రెండు పెడితే నాలుగు రెక్కలు లేచి డయల్ గందరగోళమవుతుంది. ఇలాంటి వాచీకి ఒక్కటే దీపం, దాని ముందు కాగితం.

ముళ్ళను 10:10 దగ్గర నిలపడం ప్రకటనల అలవాటు. కంపెనీ పేరుకు అడ్డు రావు. ఆ అమరిక చిరునవ్వులా తోచి చూసేవాళ్ళకు హాయి కలిగిస్తుందని 2017లో ఒక మనస్తత్వ అధ్యయనం కూడా వచ్చింది. సెకన్ల ముల్లు సంగతి వేరు. గంటకు 28,800 సార్లు కొట్టుకునే మెకానికల్ వాచీలో అది సెకనుకు 8 అడుగులు వేస్తుంది. షట్టరు సెకనులో ఎనిమిదో వంతు కంటే ఎక్కువసేపు తెరుచుకుంటే ముల్లు చెదురుతుంది. క్వార్ట్జ్ వాచీలో సెకనుకు ఒకే అడుగు గనుక, అడుగు పడిన వెంటనే నొక్కితే అర సెకను ఎక్స్‌పోజరూ నిలుస్తుంది. కిరీటం, అంటే పక్కనుండే తిప్పుడు బుడిపె, లాగితే ముల్లు ఆగే వాచీ అయితే ఈ బాధే లేదు.

కిటికీ వెలుగులో తీస్తున్నప్పుడు గది బల్బు ఆర్పేయండి. వెలుగు రంగును కొలిచే కెల్విన్ లెక్కలో పగటి వెలుగు 5500 దగ్గర, పసుపు బల్బు 2700 దగ్గర ఉంటుంది. కాగితం మీద ఆ రెండూ కలిసిపోవచ్చు గాని, వెండి క్యాపులో ఒక అంచు నీలంగా, ఇంకో అంచు నారింజగా విడివిడిగా నిలబడతాయి. తర్వాత ఏ సవరణా వాటిని కలపలేదు.

దగ్గర నుంచి తీసినప్పుడు ఫోకస్ లోతు కొన్ని మిల్లీమీటర్లే. పెన్నును కెమెరాకు సమాంతరంగా పెడితే పాళీ నుంచి చివరిదాకా స్పష్టంగా వస్తుంది. ఫోను అయితే వెనక్కి జరిగి రెండింతల జూమ్ వాడండి. మరీ దగ్గరికి పెడితే పాళీ ఉబ్బిపోతుంది, పైగా ఫోను నీడే పెన్నులో పడుతుంది.

ఇక దుమ్ము. ఏటవాలు వెలుగు గీరలను ఎంత బాగా చూపుతుందో దుమ్మునూ అంత బాగా చూపుతుంది. దీపాలు అమర్చాక, షట్టరు నొక్కే ముందు, టార్చిని వస్తువు ఎత్తులోనే పక్కనుంచి వేసి చూడండి. గాలి బుడ్డితో ఊదండి. పొడిబట్టతో రుద్దితే ఆ రేణువులే నల్ల పెన్ను మీద గీతలు పెడతాయి, ఆ గీతలు ప్రతి ఫొటోలోనూ వస్తాయి.