ముందుగా అవుటయ్యేవారి కోసం ఆట

1949లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ నగర రవాణా ఉద్యోగుల గుండె జబ్బుల వివరాలు సేకరించడం మొదలుపెట్టాడు. రెండంతస్తుల బస్సులో డ్రైవరూ కండక్టరూ ఒకే దారిలో, ఒకే గాలి పీలుస్తూ తిరిగేవారు. ఇద్దరి జీవన స్థాయిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉన్న తేడా అల్లా, డ్రైవరు డ్యూటీలో తొంభై శాతం సేపు సీటులోనే ఉంటే, కండక్టరు టికెట్లు కొట్టడానికి రోజుకు 500 నుంచి 750 దాకా మెట్లు ఎక్కేవాడు. 1953లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వెలువడిన ఫలితాల ప్రకారం కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చింది, వచ్చినా ఆలస్యంగా వచ్చింది, మొదటి గుండెపోటుకే ప్రాణం పోవడమూ తక్కువే. తరువాత యూనిఫాం కొలతలు తిరగేస్తే డ్రైవర్ల నడుము కొలత పెద్దదని తేలి, అసలు లావుగా ఉన్నవారే ఆ ఉద్యోగంలో చేరారేమో అన్న అనుమానం తలెత్తింది. కానీ ఒకే రకం శరీరం ఉన్నవారిని పోల్చి చూసినప్పుడు కూడా కండక్టర్లకే మేలు కనిపించింది.

ఇక్కడ గమనించవలసినది, ఆ కండక్టర్లెవరూ వ్యాయామం చేయలేదు, ఉద్యోగం చేశారంతే. మనిషి చరిత్రలో చాలా భాగం కదలిక బతుకుతెరువుతో పాటే ఉచితంగా వచ్చింది. నీళ్లు మోయడం, నేల తవ్వడం, నడిచి వెళ్లడం యంత్రాల చేతికి పోయాక, శరీరానికి కావలసిన ఆ కదలికను సమాజం వేరే దారిలో సమకూర్చవలసి వచ్చింది. తీరిక వేళల వినోదం, పోటీ క్రీడ, బడిలో వ్యాయామ విద్య అనేవి ఆ దారులు. వెలుగంతా క్రీడ మీదే పడుతుంది గానీ, అందరినీ చేరగలిగేది వ్యాయామ విద్య ఒక్కటేనని నా అభిప్రాయం.

శరీరం సంగతి ముందు చూద్దాం. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకోగలదు. నడక మధుమేహ రోగికి మందులాగా పనిచేయడానికి ఒక కారణం ఇదే. ఎముక కూడా తన మీద పడే బరువును బట్టి గట్టిపడుతుంది, చిన్ననాటి నుంచి టెన్నిస్ ఆడేవారికి రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే మందంగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాల కదలిక అవసరం. 11 నుంచి 17 ఏళ్ల వయసులో ప్రతి ఐదుగురిలో నలుగురు ఆ మాత్రం కూడా కదలడం లేదని అదే సంస్థ లెక్క.

వినోదానికి కావలసిన మొదటి వనరు మైదానం కాదు, సమయం. 1856లో మెల్‌బోర్న్ రాతిపని కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం పని ఆపి నడిచినప్పుడు, ఆ ఉద్యమం రోజును పనికి ఎనిమిది గంటలు, వినోదానికి ఎనిమిది, విశ్రాంతికి ఎనిమిదిగా పంచింది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనూ హక్కుగా గుర్తించింది. రోజంతా పనిచేసి వచ్చి ఇంటిపని కూడా తానే చేయవలసిన మనిషికి నడక మంచిదని సలహా ఇవ్వడం సులువే, ఆ అరగంట ఎక్కడి నుంచి తేవాలో మాత్రం సలహాదారు చెప్పడు.

పోటీ క్రీడ సమాజంలో ఎవరికి చోటు ఉందో బయటపెడుతుంది, అప్పుడప్పుడు ఆ చోటును విస్తరిస్తుంది కూడా. వెన్నుపాము దెబ్బతిన్నవారు మంచానికే పరిమితమై, త్వరలోనే చనిపోతారని వైద్యులు అనుకునే రోజుల్లో, లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో క్రీడను చికిత్సలో భాగం చేశాడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, గాయపడిన 16 మంది మాజీ సైనికులు ఆ ఆసుపత్రి ఆవరణలో విలువిద్య పోటీలో పాల్గొన్నారు. 1960 నాటి రోమ్ పారాలింపిక్స్‌కు మూలం ఆ పోటీయే. అమెరికాలో బడుల్లో లింగ వివక్షను నిషేధించిన 1972 చట్టానికి ముందు హైస్కూలు క్రీడల్లో ఆడపిల్లలు మూడు లక్షల లోపే ఉండేవారు, ఇప్పుడు వారి సంఖ్య ముప్ఫై లక్షలు దాటింది. ఆ పిల్లల కండరాలు యాభై ఏళ్లలో మారిపోలేదు, తలుపు తెరుచుకుందంతే. అయితే క్రీడ దానంతటదే మనుషులను మంచివాళ్లను చేస్తుందనే నమ్మకం నాకు లేదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌ను నాజీలు తమ ప్రచారానికి ఎంత నేర్పుగా వాడుకున్నారో తెలిసినవారెవరూ అలా నమ్మలేరు.

బడిలో వ్యాయామ విద్యకు కూడా నిష్కల్మషమైన పుట్టుక లేదు. 1811లో బెర్లిన్ శివార్లలో ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ అనే ఉపాధ్యాయుడు తెరిచిన వ్యాయామ మైదానం వెనుక నెపోలియన్ చేతిలో ఓడిన జర్మన్ రాజ్యం ప్రష్యా కసి ఉంది. సైన్యానికి పనికొచ్చే దేహాలు కావాలన్నది అప్పటి తపన. ఆ శతాబ్దం చివరికి వచ్చేసరికి మరో రకం ఆలోచన కనిపిస్తుంది. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడికి, చలికాలంలో గదిలో కసరత్తులు చేసి విసిగిపోయిన 18 మంది విద్యార్థుల తరగతిని అప్పగించారు. గట్టి నేల మీద ఒకరినొకరు పడదోసుకుంటే ఎముకలు విరుగుతాయి. బంతి పట్టుకుని పరిగెత్తే వీలుంటేనే కదా పడదోయవలసి వచ్చేది అని ఆలోచించి, బంతితో పరుగెత్తడాన్నే అతను నిషేధించాడు. గోలు నేల మీద ఉంటే బలంగా విసిరేవాడిదే పైచేయి అవుతుంది కనుక, రెండు పీచ్ పండ్ల బుట్టలను పది అడుగుల ఎత్తున మేకులతో బిగించాడు. అంత ఎత్తులో అడ్డంగా ఉన్న నోటిలో పడాలంటే బంతిని బలంగా కాకుండా ఒడుపుగా, వంపు తిరిగేలా విసరాలి. పదమూడు నియమాలతో పుట్టిన ఆ బాస్కెట్‌బాల్‌లో ప్రతి నియమానికీ ఒక కారణం కనిపిస్తుంది.

ఆట నియమాలు ఎవరిని కదిలిస్తాయో, ఎవరిని కూర్చోబెడతాయో ఈ దృష్టితో చూస్తే, బడుల్లో మామూలుగా ఆడించే ఆటలు చాలా నిరాశపరుస్తాయి. బంతి తగిలితే అవుట్, వెనకబడితే అవుట్ అనే ఆటల్లో అందరికంటే ముందు బయటికి వెళ్లేది నెమ్మదైన పిల్ల, లేదా బొద్దుగా ఉన్న పిల్లవాడు. పీరియడ్ ముగిసేదాకా గట్టు మీద కూర్చునేదీ వాళ్లే. సాధన ఎక్కువ కావలసిన వారికి తక్కువ, అవసరం అంతగా లేనివారికి ఎక్కువ అందుతుంది. ఏ గణిత ఉపాధ్యాయుడూ మొదటి లెక్క తప్పిన విద్యార్థిని బయట కూర్చోబెట్టి మిగతావారికి పాఠం చెప్పడు.

వరుసల సంగతీ ఇంతే. 40 మంది పిల్లలు ఒకే బంతి కోసం ఒకే వరుసలో నిలబడ్డారనీ, ఒక్కొక్కరి వంతుకు అర నిమిషం పడుతుందనీ అనుకుందాం. ఒకసారి ఆడిన పిల్లకు మళ్లీ వంతు రావడానికి 20 నిమిషాలు పడుతుంది, 40 నిమిషాల పీరియడ్ మొత్తంలో ఆమె కదిలేది ఒక్క నిమిషం. అదే పిల్లలను ఐదుగురేసి ఎనిమిది జట్లుగా విడదీసి ఎనిమిది బంతులిస్తే ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు దక్కుతాయి. అదీ చాలదు. పీరియడ్‌లో కనీసం సగం సేపు ప్రతి ఒక్కరూ చురుగ్గా కదలాలన్నది ప్రజారోగ్య నిపుణులు తరచుగా చెప్పే కొలమానం. అంటే ఈ పీరియడ్‌లో ఇరవై నిమిషాలు. బడి వార్షిక నివేదికలో గెలిచిన కప్పుల సంఖ్య ఉంటుంది గానీ, ఈ నిమిషాల లెక్క ఎక్కడా కనబడదు.