క్యారెట్ పుట్టిల్లు ఒక కలుపు మొక్క

డచ్చి రాజవంశం పేరు 'ఆరెంజ్' కాబట్టి ఆ రాజు మీద అభిమానంతో అక్కడి రైతులు క్యారెట్‌ని నారింజ రంగులోకి మార్చేశారనే కథ ఒకటి వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. వినడానికి బాగుంటుంది, కానీ ఆధారం లేదు.

అసలు సంగతి అడవి క్యారెట్ దగ్గర మొదలవుతుంది. యూరప్‌లో రోడ్ల పక్కన, బీడు నేలల్లో తనంతట తానే మొలిచే ఈ మొక్కకీ మన వంటింటి క్యారెట్‌కీ శాస్త్రీయ నామం ఒకటే, డాకస్ కరోటా. పీకి చూస్తే వేరు తెల్లగా, సన్నగా, పుల్లలా ఉంటుంది, వాసన మాత్రం అచ్చం క్యారెట్టే. పూత ఎలా ఉంటుందో ధనియాల చేను చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒకే చోటి నుంచి గొడుగు ఊచల్లా కాడలు విచ్చుకుని, వాటి చివర చిన్న చిన్న తెల్లపూలు. ధనియాలు, జీలకర్ర, వాము, సోంపు, చివరికి ఇంగువ కూడా ఈ కుటుంబానివే మరి. అడవి క్యారెట్‌లో చాలాసార్లు ఆ తెల్లపూల నడిమధ్యన ఒకే ఒక్క ముదురు ఊదా పువ్వు ఉంటుంది, దూరం నుంచి చూస్తే ఏదో పురుగు వాలిందనుకుంటాం. గింజ కట్టాక గొడుగంతా లోపలికి ముడుచుకుని పిట్టగూడులా తయారవుతుంది. దీన్ని పోలినదే ప్రాణాంతకమైన హెమ్లాక్ కూడా, కాబట్టి కనబడింది కదా అని పీకి తినే సాహసం వద్దు.

ఈ మొక్కని గడ్డ కోసం పెంచడం సుమారు వెయ్యేళ్ల కిందట మధ్య ఆసియాలో, ఇప్పటి అఫ్గానిస్తాన్, ఇరాన్ వైపు మొదలైంది. అప్పటి గడ్డలు ఊదావి, పసుపువి. నారింజ రంగు చాలా ఆలస్యంగా యూరప్‌లో స్థిరపడింది. ఆ రంగునిచ్చే కెరోటిన్‌ని 1831లో వాకెన్‌రోడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త క్యారెట్ నుంచే వేరుచేశాడు, పేరూ అలాగే వచ్చింది.

మనకి రెండు రకాలూ చేరాయి. ఉత్తరాదిన హల్వాకి వాడే ఎర్ర గాజర్ ఆసియా రకం, మైదానాల్లోనే పూసి గింజ కడుతుంది. మనం ఊటీ క్యారెట్ అనేది యూరప్ రకం. గట్టి చలి తగిలితే గానీ అది పూతకి రాదు, అందుకే దాని విత్తనం కొండ ప్రాంతాల్లో పండించాలి.

గొడవంతా ఈ విత్తనం దగ్గరే. పురుగులు అడవి క్యారెట్ పుప్పొడిని తెచ్చి విత్తనపు చేలో వేస్తే, ఆ గింజల నుంచి తెల్లటి పీచు గడ్డలొస్తాయి, గడ్డ ఊరకముందే పూతకొచ్చేస్తాయి. అందుకే అమెరికాలో విత్తన రైతులకి పొలం చుట్టుపక్కల అది కనబడితే టెన్షన్. నిజానికి అక్కడికది యూరప్ నుంచి వలస వెళ్లిన మొక్కే.

తమాషా ఏంటంటే హైబ్రిడ్ విత్తనం తయారీకి దారి చూపిందీ అదే. రెండు వేర్వేరు రకాలని కలిపి తీసేదే హైబ్రిడ్, దానికి తల్లి మొక్క తన పుప్పొడితో తానే గింజ కట్టకూడదు. ఇంత చిన్న పూలలో పుప్పొడినిచ్చే కేసరాలు చేత్తో తీయడం ఎవరివల్ల అవుతుంది? 1953లో మసాచుసెట్స్‌లో కేసరాల బదులు రేకులు వచ్చిన, పుప్పొడి లేని అడవి క్యారెట్ దొరికింది. దాన్ని తోట రకాలతో పదేపదే కలిపి ఆడ వరసలు, అంటే పుప్పొడి లేని తల్లి మొక్కలు, తయారుచేశారు. ఇవాళ దుకాణంలో దొరికే హైబ్రిడ్ ప్యాకెట్లలో చాలావాటికి అమ్మమ్మ వైపు చుట్టరికం ఆ కలుపు మొక్కతోనే.