ఊడ్చే యంత్రంలో అసలు చిక్కు డబ్బాదే

ఇల్లు ఊడ్చి చెత్తను చేటలోకి ఎత్తితే, చేట అంచు వెంబడి సన్నటి దుమ్ము చార ఒకటి మిగిలిపోతుంది. చేటను వెనక్కి జరిపి మళ్లీ చిమ్మితే చార సన్నబడుతుంది గానీ పూర్తిగా పోదు. రేణువు అంచు మందం కన్నా చిన్నది, అంచు మీదికి ఎక్కలేక దాని కిందికి దూరుతుంది. కరెంటు లేకుండా, తోస్తే పనిచేసే ఫ్లోర్ స్వీపర్‌ను తయారు చేసేవారికి మొదట ఎదురయ్యేదీ ఇదే. బ్రష్‌ను తిప్పడం తేలిక. అది ఎగజిమ్మిన చెత్తను పట్టుకోవడం, పట్టుకున్నది ఒలకకుండా బయట పారబోయడం కష్టం.

ఈ యంత్రం తివాచీల కోసం పుట్టింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో పింగాణీ సామాను దుకాణం నడిపిన మెల్విల్ బిస్సెల్ 1876లో తన స్వీపర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. సామాను పగలకుండా పెట్టెల్లో కూరిన రంపపు పొట్టు తివాచీలో ఇరుక్కుని ఒక పట్టాన వచ్చేది కాదు. 1889లో ఆయన పోయాక భార్య అన్నా బిస్సెల్ కంపెనీ పగ్గాలు పట్టింది.

లోపలి అమరిక చూద్దాం. రెండు పక్కలా రెండేసి రబ్బరు చక్రాలు. వాటి మధ్య, రెండింటినీ ఒరుసుకుంటూ, బ్రష్ చివరన ఉండే చిన్న పుల్లీ. ఒరుసుకుని తిరిగేవి ఎప్పుడూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. కాబట్టి యంత్రం ముందుకు పోతుంటే నేలను తాకే కుచ్చు కూడా ముందుకే దూసుకుపోతుంది, చెత్త ముందున్న పళ్లెంలో పడుతుంది. వెనక్కి లాగితే అంతా తిరగబడి చెత్త వెనక పళ్లెంలోకి పోతుంది. బ్రష్‌కు ఇటొకటి అటొకటి రెండు పళ్లేలు ఉండేది అందుకే. చెత్త డబ్బా అంటే ఈ పళ్లేలే. ఖర్చు కలిసొస్తుందని ఒక పళ్లెం తీసేస్తే, లాగిన ప్రతిసారీ చెత్త మళ్లీ నేల మీదే పడుతుంది.

కొన్ని లెక్కలు. పుల్లీ వ్యాసం 2.5 సెం.మీ., కుచ్చు చివరల దగ్గర బ్రష్ వ్యాసం 5 సెం.మీ. అనుకుందాం. మీటరు దూరం తోస్తే బ్రష్ దాదాపు 12.7 చుట్లు తిరుగుతుంది. కుచ్చు కొస వేగం తోసే వేగానికి రెట్టింపు ఉంటుంది. పళ్లెం ముందుండే వాలు గట్టు ఎత్తు 2 సెం.మీ. అయితే, దాన్ని దాటడానికి గింజకు సెకనుకు సుమారు 0.63 మీటర్ల వేగం కావాలి. అంటే సెకనుకు 0.3 మీటర్లకు తగ్గకుండా తోయాలి. కుచ్చులు గింజను కొంత దూరం మోసుకెళ్తాయి గనుక అసలు యంత్రంలో లెక్క ఇంత కచ్చితంగా ఉండదు. అయినా మరీ నెమ్మదిగా తోస్తే చెత్త గట్టెక్కక జారిపడేది ఇందుకే. జాగ్రత్తగా, మెల్లగా ఊడిస్తే బాగా శుభ్రమవుతుందన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు.

మరి గట్టును తగ్గించేస్తే? అప్పుడు డబ్బా బయటికి తీసేటప్పుడు కాస్త ఒరిగినా చాలు, చెత్త వచ్చిన దారినే ఒలుకుతుంది. గట్టు ఎత్తు ఈ రెంటికీ మధ్య కుదిరిన రాజీ. 1.5 నుంచి 2 సెం.మీ. బాగుంటుంది. వాలు బ్రష్ గుండ్రదనాన్ని అనుసరించి వంపు తిరగాలి, కుచ్చు కొసకూ దానికీ మధ్య 1 మి.మీ. ఖాళీ చాలు. నేలకు దగ్గరగా ఉండే అంచును మెత్తటి రబ్బరుతో చేస్తే టైల్స్ అతుకుల దగ్గర తగులుకుని ఆగదు. గట్టి ప్లాస్టిక్ అంచును నేలకు 2 మి.మీ. పైన పెడితే సన్న బియ్యపు గింజ కిందినుంచే జారుకుంటుంది.

పాత స్వీపర్లలో మీట నొక్కితే పళ్లేలు కిందికి తెరుచుకునేవి. కాగితం పరిచి దులిపితే సగం గాలిలోకి లేచేది, వెంట్రుకల ఉండలు అంచులకు వేలాడేవి. డబ్బానే ఊడదీసి చెత్తబుట్ట మీద బోర్లించడం మంచి దారి. దాన్ని పక్కకు సొరుగులా లాగే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది గానీ గాడుల్లో ఇసుక చేరి బిగుసుకుంటుంది. పై మూత తెరిచి, మధ్యలో బ్రష్ కోసం చీలిక ఉన్న ఒకే పళ్లేన్ని పైకి ఎత్తడమే మేలు. గోడలు నిటారుగా కాక 3 నుంచి 5 డిగ్రీలు బయటికి వాలి ఉండాలి. మూలలు గుండ్రంగా ఉంటే దుమ్ము పట్టుకుని ఉండదు. డబ్బా సరిగా కూర్చుంటే ‘టక్’మని వినిపించే గొళ్లెం తప్పనిసరి, లేకపోతే వంకరగా పెట్టిన పళ్లెం బ్రష్‌కు రాసుకుంటుంది.

పళ్లెంలో చీలికకు ఇటూ అటూ 22 సెం.మీ. పొడవు, 6 వెడల్పు, 2.5 లోతు ఉన్న ఒక్కో గది 330 మి.లీ. పడుతుంది. అందులో సగమే నిజంగా పనికొచ్చేది, ఎందుకంటే చెత్త దూరపు గోడకు తగిలి అక్కడే కుప్ప పడుతుంది.

తాండూరు బండలు, నున్నటి టైల్స్ ఉన్న మన ఇళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. తివాచీ మీద రబ్బరు చక్రానికి పట్టు దొరుకుతుంది. నున్నటి నేల మీద, అందునా తడి ఉంటే, చక్రం తిరగకుండా జారుతుంది, బ్రష్ ఆగిపోతుంది. కుచ్చులు నేలలోకి 2 నుంచి 3 మి.మీ. మించి ఒత్తుకుంటే కూడా అంతే: బరువంతా బ్రష్ మీద పడి చక్రాలు తేలిపోతాయి. ఇక మైదాపిండి లాంటి సన్నపొడిని ఈ యంత్రం ఎత్తలేదు, దానికి తడిగుడ్డే సరి.

బ్రష్ మందగించిందని అనుమానం వస్తే పుల్లీ మీద సుద్దగీత పెట్టి, మీటరు దూరం నెమ్మదిగా తోసి చుట్లు లెక్కపెట్టండి. పుల్లీ వ్యాసం 2.5 సెం.మీ. అయి, చుట్లు 12కు బాగా తగ్గితే ముందు పుల్లీ దగ్గర చూడాలి. అక్కడ చుట్టుకున్న వెంట్రుకలు దాని వ్యాసాన్ని పెంచి వేగం తగ్గిస్తాయి, ఇరుసును బిగిస్తాయి. కుచ్చుల వరసల మధ్య ఉన్న సందులో కత్తెర మొన పెట్టి నిలువునా కోస్తే ఊడివస్తాయి. తర్వాత టైర్లను తడిగుడ్డతో తుడవాలి. డబ్బా కడిగితే పూర్తిగా ఆరాకే బిగించాలి, తేమ మిగిలితే దుమ్ము ముద్దై గట్టుకు అంటుకుంటుంది. పొడిగుడ్డతో గట్టిగా రుద్దకూడదు, ప్లాస్టిక్‌కు స్థిర విద్యుత్తు ఎక్కి మళ్లీ దుమ్మును లాక్కుంటుంది.