కాలికి తాడు ఎక్కడ కట్టాలి? ప్యాడిల్ బోర్డు మీద అపోహలు - వాస్తవాలు

రుషికొండ బీచ్‌లో స్టాండప్ ప్యాడిల్ బోర్డింగ్ నేర్పుతాను. వరదలు తగ్గాక చలికాలంలో గోదావరి మీదకూ తీసుకెళ్తాను. "నిలబడి తెడ్డు వేయడమే కదా, మన జాలర్లు తెప్ప మీద చేసేదేగా" అంటారు వచ్చినవాళ్లు. నిజమే. కాకపోతే జాలరి అలలు ఎక్కడ విరుగుతున్నాయో చూసుకుని, సందు దొరికేదాకా ఒడ్డునే ఆగుతాడు. మనవాళ్లు సెల్ఫీ దిగి దూకేస్తారు.

అపోహ: పుట్టుకతో బ్యాలెన్స్ ఉన్నవాళ్లకే ఇది వస్తుంది.

కొత్తవాళ్లకి ఇచ్చే బోర్డు పదిన్నర అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు ఉంటుంది. మోకాళ్ల మీద మొదలుపెట్టి, మధ్యలో ఉన్న పట్టీకి అటూ ఇటూ పాదాలు పెట్టి లేవాలి. మోకాళ్లు బిగించినా, పాదాల వంక చూసినా పడతారు. టెన్షన్‌తో తెడ్డు వేయడం ఆపేస్తే ఇంకా త్వరగా పడతారు. సైకిల్ లాగే, కదులుతున్న బోర్డే నిలకడగా ఉంటుంది.

అపోహ: చేతుల్లో బలం ఉండాలి.

నడుము తిప్పితే చాలు. తెడ్డు ఆకు వంపు ముందుకి ఉండాలి. మొదటిరోజు దాదాపు అందరూ తిరగేసి పట్టుకుంటారు, ఇంజనీర్లతో సహా.

అపోహ: లీష్ (బోర్డుని మనకి కట్టి ఉంచే తాడు) కట్టుకుంటే ఎక్కడైనా సేఫ్.

నన్ను బాగా భయపెట్టేది ఇదే. సముద్రంలో చీలమండకి కట్టిన లీష్ తప్పనిసరి. పడిపోయినా బోర్డు మన దగ్గరే ఉంటుంది, వెనకున్నవాళ్ల తల పగలదు. అదే తాడు పారే నదిలో ఉరి అవుతుంది. నీళ్లలో వాలిన కొమ్మకి ఒక పక్కనుంచి బోర్డు, రెండో పక్కనుంచి మీరు వెళ్లారనుకోండి. తాడు కొమ్మకి చిక్కుకుంటుంది. ప్రవాహం మిమ్మల్ని తోస్తూనే ఉంటుంది. ఆ ఒత్తిడిలో వంగి చీలమండ అందుకోవడం గజ ఈతగాడి వల్ల కూడా కాదు. అందుకే నదిలో లీష్‌ని నడుముకి, లాగగానే ఊడిపోయే బెల్టుతో కట్టాలి, అదీ లైఫ్ జాకెట్ పైనుంచి. నీళ్లలోకి దిగకముందు కుడిచేత్తో, ఎడమచేత్తో, కళ్లు మూసుకుని ఊడదీయిస్తాను. నవ్వుకుంటూ చేస్తారు, చేస్తే చాలు.

అపోహ: పడితే వెంటనే కాళ్లు ఆనించి నిలబడాలి.

పారే నీళ్లు మోకాలి లోతే ఉన్నా ఆ పని చేయకండి. పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకి పడదోస్తుంది, తల మునిగిపోతుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువకి పెట్టి, నీళ్లు నెమ్మదించే చోటు దాకా వెళ్లాలి.

సముద్రంలో లెక్క వేరు. తలకిందులుగా కాకుండా బల్లపరుపుగా పడాలి, చేయి తలకి అడ్డం పెట్టుకుని పైకి రావాలి. వచ్చే అలకీ మీకూ మధ్య బోర్డు ఎప్పుడూ ఉండకూడదు. అల దాన్ని ఎత్తి మీ మీదకే విసురుతుంది.

అపోహ: నీళ్లు ప్రశాంతంగా ఉంటే భయం లేదు.

అలలు విరుగుతున్న వరుసలో ఒకచోట మాత్రం విరగకుండా నున్నగా కనిపిస్తే, అది నీళ్లు తిరిగి లోపలికి లాగే దారి కావచ్చు. అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకుండా పక్కకి వెళ్లాలి. తెల్లవారుజామున నేలమీంచి వీచే గాలి ఇంకా మాయలాడి. ఒడ్డు దగ్గర సముద్రం అద్దంలా ఉంటుంది, వెళ్లడం హాయిగా ఉంటుంది, తిరిగి రావడానికి చేతులు పడిపోతాయి. నిలబడితే శరీరమే తెరచాప, కాబట్టి అలాంటప్పుడు మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేయండి. గోదావరిలో ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన నీళ్లు చెరువులా కనిపిస్తాయి. గేట్ల వైపు మాత్రం అస్సలు పోకూడదు.

అపోహ: లైఫ్ జాకెట్ ఉంది, ఈత రాకపోయినా పర్లేదు.

ఈత నేర్చుకుని రమ్మని పంపించేస్తాను. కొందరు పక్క బోర్డువాళ్ల దగ్గరికి పోతారు, తెలుసు.